వరంగల్ నీళ్లు, ఇంటి చేపల తొట్టి: పీహెచ్ వెనుక అసలు లెక్క

ఇంట్లో పెట్టుకున్న చేపల తొట్టిలో పీహెచ్ ఎంత ఉంటుందన్నది అన్నిటికంటే ముందు ఆ నీళ్లు ఎక్కడివన్న దాన్ని బట్టి ఉంటుంది. వరంగల్, హన్మకొండ, కాజీపేట ఇళ్లకు నీళ్లు ప్రధానంగా రెండు దారుల్లో వస్తాయి. నల్లా నీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల్లో నిలవ ఉంచి, శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి వదిలేవి. కాకతీయ కాలువ వెంట వచ్చే గోదావరి నీళ్లు వాటికి ఆదరువు. రెండో దారి బోరు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లవాళ్లు, ఒకరు నల్లా నీళ్లతో, మరొకరు బోరు నీళ్లతో తొట్టి నింపితే, ఆ రెండు తొట్లకూ ఒకే సలహా పనికిరాదు.

ఊరి కింద ఉన్నది గ్రానైటు, దాని సోదరి నైస్ శిల. వాననీళ్లు మట్టిలోకి ఇంకేటప్పుడు వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారతాయి. ఆ ఆమ్లం ఏళ్ల తరబడి రాతిలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజాలనూ, మట్టి పొరల్లో కనబడే సున్నపు గడ్డలనూ కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కాల్షియం, మెగ్నీషియం, సోడియం నీళ్లలోకి దిగుతాయి. వాటికి జోడుగా బైకార్బొనేట్ పుడుతుంది. బకెట్ అంచున, గీజరు కాయిల్ మీద, నల్లా మూతి దగ్గర పేరుకునే తెల్లని పొర ఈ కథకు చివరి అంకం. చెరువు నీళ్లు నేల మీద పారి వచ్చినవి కాబట్టి సాధారణంగా వాటిలో ఈ సరుకు తక్కువ. వానాకాలంలో ఇంకా పలచబడుతుంది, ఎండాకాలంలో నీళ్లు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది.

పీహెచ్ అనే కొలతను 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ నడిపిన ప్రయోగశాల ఆయన పనిచోటు. నీళ్లలో హైడ్రోజన్ అయాన్లు ఎంత ఎక్కువగా ఉంటే పీహెచ్ అంత తక్కువ. 7 తటస్థం, అంతకు దిగువ ఆమ్లం, ఎగువ క్షారం. ఇది లాగరిథమ్ కొలత కావడం వల్ల అంకెలు మోసం చేస్తాయి. 8 నుంచి 7కు దిగితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు పెరిగినట్టు. 0.3 మాత్రమే దిగినా రెట్టింపైనట్టే. ‘ఒక్క పాయింటే కదా’ అనుకుని రాత్రికి రాత్రి దించడం చేప ఒంటికి చిన్న మార్పు కాదు. మొప్పల ద్వారా రక్తంలోకి లవణాలు రావడం, పోవడం, ఊపిరి తీసుకోవడం అన్నీ ఆ అయాన్ల మీదే ఆధారపడి ఉన్నాయి.

అయితే తొట్టి యజమాని నిజంగా తెలుసుకోవలసింది పీహెచ్ కంటే దాన్ని నిలబెట్టే క్షారతను. అక్వేరియం పెంపకందారులు దీన్ని ‘కేహెచ్’ అంటారు. ప్రధానంగా ఇది నీళ్లలోని బైకార్బొనేట్ నిల్వ. గాదెలో ధాన్యం లాంటిది: తొట్టిలో ఆమ్లం పుట్టినప్పుడల్లా బైకార్బొనేట్ కొంత ఖర్చయి దాన్ని మింగేస్తుంది, నిల్వ ఉన్నంతకాలం పీహెచ్ పెద్దగా కదలదు, నిల్వ అడుగంటితే ఒక్కసారిగా కూలుతుంది. దీన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానమని చెబుతారు. ఒక కేహెచ్ డిగ్రీ అంటే దాదాపు 17.9 మిల్లీగ్రాములు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం పీహెచ్ 6.5 నుంచి 8.5 దాకా ఉండవచ్చు. క్షారత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. అంటే తాగడానికి పనికొచ్చే రెండు నీళ్ల మధ్యే క్షారతలో మూడు రెట్ల తేడా ఉండవచ్చు.

కొలవడంలో మొదటి పొరపాటు బోరు దగ్గరే జరుగుతుంది. నేల లోతుల్లోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది. అందుకే మోటరు వేసిన వెంటనే చూస్తే పీహెచ్ 7 దగ్గర కనబడి, అవే నీళ్లు మర్నాటికి 8కి చేరవచ్చు. వాయువు పోయింది, నీళ్లు మారలేదు. అందుకని బకెట్‌లో పట్టి, గాలి పంపు పెట్టి, ఒక రాత్రి గడిచాక కొలిస్తేనే అసలు అంకె తెలుస్తుంది. తొట్టిలోనైతే రోజూ ఒకే వేళకు కొలవాలి. మొక్కలున్న తొట్టిలో పగలు కార్బన్ డయాక్సైడ్ ఖర్చయి పీహెచ్ పెరుగుతుంది, తెల్లవారేసరికి తగ్గుతుంది. పచ్చగా నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటడం మామూలే, అందులో చేపలు బతుకుతూనే ఉంటాయి. వాయువు వల్ల వచ్చే ఈ రోజువారీ ఊగిసలాటను చేపలు బాగానే ఓర్చుకుంటాయి. నీళ్లలోని లవణాలు ఉన్నట్టుండి మారితే ఓర్చుకోలేవు.

పరికరాల విషయానికొస్తే, పెన్నులాంటి డిజిటల్ మీటరు చవకే కానీ దాంతో వచ్చే 6.86, 9.18 బఫర్ పొడులతో అప్పుడప్పుడు సరిచూడకపోతే అబద్ధం చెబుతుంది. చుక్కల మందు కిట్టు గృహస్థుకు ఎక్కువ నమ్మకం. కేహెచ్ కిట్టు తప్పనిసరి. పిల్లలు సైన్సు చదివే ఇంట్లో అయితే కాలేజీ ల్యాబు పద్ధతీ ఉంది: 100 మిల్లీలీటర్ల నీళ్లలో మిథైల్ ఆరెంజ్ వేసి 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో అంశమాపనం చేస్తే, ఖర్చయిన ప్రతి మిల్లీలీటరుకూ క్షారత లీటరుకు 10 మిల్లీగ్రాములు. ఆర్వో మెకానిక్ జేబులోంచి తీసి ముంచే టీడీఎస్ మీటరు మాత్రం వేరే సంగతి. అది కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది, పీహెచ్‌ను చెప్పదు. పసుపు కాగితం కూడా పనికిరాదు; అది బాగా క్షారమైన నీళ్లలో తప్ప రంగు మారదు.

బోరు నీళ్ల తొట్టిలో సాధారణంగా వచ్చే కోరిక పీహెచ్ తగ్గించాలని. దుకాణంలో ‘పీహెచ్ డౌన్’ సీసా దొరుకుతుంది. అందులో ఉండేది ఏదో ఒక ఆమ్లం. చుక్కలు వేయగానే బైకార్బొనేట్‌లో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది, పీహెచ్ వెంటనే దిగుతుంది, యజమానికి తృప్తి కలుగుతుంది. గాలి బుడగలు ఆ వాయువును బయటికి తోసేసరికి పీహెచ్ మళ్లీ దాదాపు పాత చోటికే ఎక్కుతుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ ఎక్కడం. ఇలా మూడు నాలుగు రోజులు జరిగాక క్షారత నిల్వ అయిపోతుంది. ఆ తర్వాత వేసిన అదే మోతాదు పీహెచ్‌ను 5 దగ్గరికి పడేస్తుంది. తొట్లలో పీహెచ్ వల్ల పోయే చేపల్లో చాలా వాటికి కారణం మొదట ఉన్న 8 కాదు, దాన్ని సరిచేసే ప్రయత్నమే. ఆ మందు ఫాస్ఫారిక్ ఆమ్లం లేదా ఫాస్ఫేట్ రకానిదైతే అదనంగా నాచు కూడా పెరుగుతుంది.

వంటింటి వైద్యాలు ఇంతకంటే చెడ్డవి. నిమ్మరసం, వెనిగర్, చింతపండు పులుసులోని సేంద్రియ ఆమ్లాలు బాక్టీరియాకు మేత. అవి తిని పెరిగి నీళ్లను తెల్లగా కలకబార్చి ఆక్సిజన్‌ను లాగేస్తాయి. పటిక వేస్తే నీళ్లు తేరుకుంటాయి, క్షారత కూడా తగ్గుతుంది, కానీ దాంతో చేరే అల్యూమినియం ఆమ్ల నీళ్లలో చేప మొప్పలకు విషం. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌లో ఇంకేం మలినాలుంటాయో సీసా మీద రాసి ఉండదు. అటువైపు సున్నపు తేట పీహెచ్ 12 దాటుతుంది. ఎకరాల కొద్దీ ఉన్న చేపల చెరువులో రైతు లెక్క ప్రకారం చల్లే సున్నానికీ, 45 లీటర్ల గాజు తొట్టిలో వేసే చెంచాడు సున్నానికీ పోలిక లేదు.

పీహెచ్ నిలకడగా తగ్గాలంటే తగ్గవలసింది క్షారత. దానికి ఇంట్లో ఉన్న సాధనం ఆర్వో యంత్రం. ఆర్వో నీళ్లలో బైకార్బొనేట్ చాలా తక్కువ కాబట్టి బోరు నీళ్లలో కలిపితే ఆ నిష్పత్తిలో క్షారత పలచబడుతుంది. ఎంత కలిపితే ఎంత తగ్గుతుందో ముందే లెక్క వేయవచ్చు. క్షారత 300 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 17 డిగ్రీలు, పీహెచ్ 8.1 ఉన్న తొట్టిని తీసుకుంటే: సగం ఆర్వో, సగం బోరు కలిపితే క్షారత 150 అవుతుంది, కానీ పీహెచ్ 7.8కే దిగుతుంది. మూడు వంతులు ఆర్వో, ఒక వంతు బోరు అయితే క్షారత 75, పీహెచ్ 7.5. క్షారత సగమైన ప్రతిసారీ పీహెచ్ 0.3 మాత్రమే తగ్గుతుంది. ముందు చెప్పిన లాగరిథమ్ లెక్కే ఇక్కడా. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ మారదనుకుని వేసిన లెక్క ఇది. తొట్టిలో కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇంట్లోని ఆర్వో యంత్రాల్లో చాలా వాటికి రుచి కోసం పచ్చినీళ్లు కొంత తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. అందుకని ఆర్వో నీళ్ల కేహెచ్‌ను కూడా ఒకసారి కొలిచి చూడాలి. యంత్రం వదిలేసే వృథా నీళ్లలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి, పొదుపు పేరుతో వాటిని తొట్టిలో పోయకూడదు.

వాననీళ్లు ఆర్వోకు మంచి ప్రత్యామ్నాయం. సహజంగా వాటి పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది, క్షారత దాదాపు శూన్యం. తొలి వానల్లో కప్పు మీది దుమ్మంతా కొట్టుకుపోయాక పట్టినవే వాడాలి. నీళ్లు మరగబెట్టి చల్లార్చినా బైకార్బొనేట్‌లో కొంత తెల్లని పొరగా విడిపోయి క్షారత తగ్గుతుంది, కొద్దిపాటి నీళ్లకు ఇది చాలు. అపార్ట్‌మెంట్లలో పెట్టే సాఫ్ట్‌నర్ మాత్రం ఇక్కడ ఏమీ చేయదు. అది కాల్షియం తీసుకుని సోడియం ఇస్తుంది, బైకార్బొనేట్ ఎక్కడిదక్కడే ఉంటుంది. బట్టలకు మెత్తనైన నీళ్లు చేపకు మెత్తనివి కావు.

బాదం ఆకుల గురించి చాలా ప్రచారం ఉంది. వీధుల్లో గొడుగులా పరుచుకునే నాటు బాదం చెట్టు ఎండుటాకులు నీళ్లలో టానిన్లు, హ్యూమిక్ ఆమ్లాలు వదిలి లేత తేనీటి రంగు తెస్తాయి. ఫైటర్ చేపలు పెంచేవాళ్లు వీటిని ఇష్టపడడానికి కారణాలున్నాయి. కానీ 300 క్షారత ఉన్న బోరు నీళ్ల పీహెచ్‌ను నాలుగు ఆకులు కదిలించలేవు. రంగు వస్తుంది, అంకె అలాగే ఉంటుంది. నీళ్లను ముందు ఆర్వోతో పలచబరిచాకే ఆకులకూ, మాను మొద్దులకూ పీహెచ్ మీద పని దొరుకుతుంది.

వ్యతిరేక సమస్య పూర్తిగా ఆర్వో నీళ్లతో, లేదా క్యాను నీళ్లతో తొట్టి నింపినవాళ్లది. శుభ్రమైన నీళ్లు చేపకు మంచివన్న భావనతో చేసే పని ఇది, కొన్ని వారాల్లో పీహెచ్ పడిపోతుంది. కారణం ఫిల్టర్‌లో ఉండే మేలు చేసే బాక్టీరియా. చేప విసర్జించే అమ్మోనియాను అవి నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది: ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి దాదాపు 7 మిల్లీగ్రాముల క్షారత ఖర్చు. 40 శాతం ప్రొటీన్ ఉన్న ఒక గ్రాము మేతలో 64 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. అందులో 40 మిల్లీగ్రాములు అమ్మోనియాగా బయటికి వచ్చిందనుకుంటే ఒక గ్రాము మేత 280 మిల్లీగ్రాముల పైచిలుకు క్షారతను తినేస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో రాళ్లూ ఖాళీ పోను దాదాపు 45 లీటర్లు పడతాయి. లీటరుకు 30 మిల్లీగ్రాముల క్షారత ఉన్న ఆర్వో నీళ్లయితే మొత్తం నిల్వ 1,350 మిల్లీగ్రాములు. రోజుకు గ్రాము మేత వేస్తే అయిదు రోజులకు సరి. అదే తొట్టిలో 300 ఉన్న బోరు నీళ్లుంటే నీళ్లు మార్చకపోయినా నెలన్నర గడుస్తుంది. ఊరంతా తిట్టే గట్టి నీళ్లకు ఇలాంటి సుగుణం కూడా ఉంది.

క్షారత పెంచడానికి వంటసోడా మంచిది, కొలిచి వేస్తే. 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. 45 లీటర్ల తొట్టికి గ్రామున్నర కంటే కొంచెం తక్కువ. తొట్టి నీళ్లే చెంబుడు తీసుకుని అందులో కరిగించి, ఫిల్టర్ నీళ్లు పడే చోట మెల్లగా పోయాలి. రోజుకు ఒక డిగ్రీ చాలు. చాకలి సోడా, బేకింగ్ పౌడర్ వంటసోడా కావు. మొదటిది చాలా ఘాటైన క్షారం, రెండోదానిలో ఆమ్లపు పొడీ, పిండీ కలిసి ఉంటాయి. నెలల తరబడి నెమ్మదిగా సర్దుకోవాలంటే కడిగిన ఆల్చిప్పల ముక్కలను గుడ్డ సంచిలో కట్టి ఫిల్టర్‌లో పెట్టవచ్చు. నీళ్లు ఆమ్లమయ్యేకొద్దీ అవి ఎక్కువ కరుగుతాయి, పీహెచ్ 7.5 దాటాక దాదాపు ఆగిపోతాయి. మోతాదు మించే భయం లేకపోవడం దీని గొప్ప.

ఈ మొత్తంలో ప్రాణం మీదికి తెచ్చే ఘట్టం పడిపోయిన పీహెచ్‌ను తిరిగి లేపేటప్పుడు వస్తుంది. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది: చేపకు పెద్దగా హాని చేయని అమ్మోనియం అయాన్, మొప్పల్లోంచి నేరుగా దూరే విషపు అమ్మోనియా. వాటి వాటాలను తేల్చేది పీహెచ్, ఉష్ణోగ్రత. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 7లో విషపు వాటా అర శాతం పైచిలుకు మాత్రమే. పీహెచ్ 8లో 5 శాతం దాటుతుంది. వరంగల్ ఎండల్లో తొట్టి నీళ్లు 30 డిగ్రీలకు చేరితే అదే పీహెచ్ 8లో 7.5 శాతం, 8.5లో 20 శాతం. పీహెచ్ 6 దరిదాపులకు పడిపోయిన తొట్టిలో బాక్టీరియా పని మందగించి అమ్మోనియా పోగుపడుతుంది. అది అయాన్ రూపంలో ఉంటుంది కాబట్టి చేపలు ఎలాగో నెట్టుకొస్తుంటాయి. నీళ్లు బాగోలేవని యజమాని ఒక ఆదివారం తొట్టి సగానికి పైగా ఖాళీ చేసి తాజా బోరు నీళ్లు నింపుతాడు. పీహెచ్ కొద్ది గంటల్లో 8 దరిదాపులకు లేస్తుంది, పోగుపడ్డ అమ్మోనియాలో విషపు వాటా పదుల రెట్లు పెరుగుతుంది, సాయంత్రానికి చేపలు తేలిపోతాయి. ‘నీళ్లు మార్చగానే చచ్చిపోయాయి’ అన్న ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. నల్లా నీళ్లయితే క్లోరిన్ కూడా అనుమానితుల్లో ఉంటుంది. నీళ్లను నిలవ ఉంచి గాలి ఆడించడమో, హైపో అనబడే సోడియం థయోసల్ఫేట్ వేయడమో అందుకే.

అలాంటి తొట్టిని బాగుచేసే క్రమం ఓపికతో కూడినది. మేత రెండు మూడు రోజులు ఆపాలి, గాలి పంపు పెంచాలి. ముందు అమ్మోనియా కొలవాలి. తర్వాత రోజుకు పదో వంతు నీళ్లు చొప్పున మారుస్తూ, పీహెచ్ రోజుకు 0.2, 0.3 కంటే ఎక్కువ కదలకుండా చూడాలి. చేపలు పైకి వచ్చి నోరు తెరుచుకుంటున్నాయంటే ముందు అనుమానించవలసింది ఆక్సిజన్ కొరతను, అమ్మోనియాను, అది నైట్రేట్‌గా మారే దారిలో పుట్టే నైట్రైట్‌ను. పీహెచ్ సీసా మూత తీయడం ఆ గడియలో చేయకూడని పని.

ఆర్వో అయినా వాననీళ్లయినా, నీళ్లు కలపడం తొట్టి బయటే జరగాలన్నది నియమం. కలపవలసిన నీళ్లు ఒక డ్రమ్ములో కలిపి, రాత్రంతా గాలి ఆడించి, పీహెచ్, కేహెచ్ కొలిచి, వేడి సమానంగా ఉందో లేదో చూసి, ఆరోగ్యంగా ఉన్న తొట్టిలో వారానికి నాలుగో వంతు కంటే మించకుండా మార్చుకుంటూ పోతే నెల, నెలన్నరలో తొట్టి కొత్త నీళ్లకు అలవాటు పడుతుంది. ఆ డ్రమ్ము ప్లాస్టిక్‌ది అయితే మంచిది. కొత్తగా కట్టిన సిమెంటు సంపులో సున్నం ఊరుతూ ఉంటుంది. పలుమార్లు నింపి పారబోసేదాకా ఆ నీళ్ల పీహెచ్ 10 దాటినా ఆశ్చర్యం లేదు.

తొట్టిలోని అలంకారాలు కూడా పీహెచ్‌ను నడిపిస్తాయి. తెలంగాణ ఇళ్లలో పరిచే తాండూరు, షాబాద్ బండలు, మెట్లకు వాడే కడప నల్లరాయి అన్నీ సున్నపురాయి జాతివే. మిగిలిన ముక్కలు అందంగా ఉన్నాయని తొట్టిలో పెడితే ఆర్వో కలిపి తగ్గించిన క్షారతను అవి తిరిగి నింపుతాయి. పాలరాయి ముక్కలు, గవ్వలు, పగడపు ఇసుక కూడా అంతే. చుట్టుపక్కల క్వారీల్లో దొరికే గ్రానైటు మాత్రం ఏమీ వదలదు. అనుమానం ఉన్న రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడాలి. బుసబుస పొంగితే అందులో కార్బొనేట్ ఉన్నట్టే. పెంపకంలో వెనిగర్‌కు ఉన్న ఏకైక ఉపయోగం బహుశా ఇదే.

కొత్త చేపలు తెచ్చినప్పుడు ఒక మెలిక ఉంది. చెన్నై కొళత్తూరు వంటి చోట్ల నుంచి సంచుల్లో గంటల తరబడి ప్రయాణించిన చేపల చుట్టూ కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోయి ఉంటుంది, అమ్మోనియా హాని లేని రూపంలో పోగై ఉంటుంది. సంచి విప్పి గంటసేపు తీరిగ్గా తొట్టి నీళ్లు చుక్కచుక్కగా కలిపితే వాయువు పోయి, పీహెచ్ లేచి, ఆ సంచిలోనే విషం తయారవుతుంది. దూరం నుంచి వచ్చిన సంచిని మూసి ఉంచే పదిహేను ఇరవై నిమిషాలు తొట్టిలో తేల్చి వేడి సమం చేయాలి. తర్వాత విప్పి, వలతో చేపలను మాత్రమే లోపలికి వదిలి సంచి నీళ్లు పారబోయడం మేలు. పక్క వీధి దుకాణం నుంచి పది నిమిషాల్లో తెచ్చిన చేపకు ఈ తొందర అవసరం లేదు.

చివరికి తేలేది చేప ఎంపిక దగ్గరే. గప్పీ, మోలీ, ప్లాటీ, గోల్డ్ ఫిష్‌లకు గట్టి బోరు నీళ్లు ఇబ్బంది కావు, మోలీకి అవే మెరుగు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లు పుట్టిందే పీహెచ్ 8 దరిదాపుల నీళ్లలో. వీటి కోసం బోరు నీళ్ల పీహెచ్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఏంజెల్, ఫైటర్, చాలా బార్బ్ రకాలు తరతరాలుగా తొట్లలో పెరిగినవి కావడంతో 7.5, 8 మధ్య నిలకడ ఉంటే సర్దుకుంటాయి. నియాన్ టెట్రా, డిస్కస్ లాంటి అమెజాన్ చేపలను గుడ్లు పెట్టించి పిల్లలు తీయాలనుకునేవారికి మాత్రం ఆర్వో కలపడం తప్పదు. ఆ ఖర్చు, ఆ కొలతలు, ఆ డ్రమ్ము ప్రతి వారం మోసే ఓపిక లేని ఇంట్లో బోరు నీళ్లను ఉన్నవి ఉన్నట్టే వాడి, వాటిలో హాయిగా ఉండే చేపలనే తెచ్చుకోవాలి. పీహెచ్ సీసాకు పెట్టే డబ్బుతో ఒక కేహెచ్ కిట్టు కొనుక్కోవాలి.